కుంటలో మిగిలిన మొహం

గడియారాలు బాగుచేసే మేస్త్రీ రోజూ షాపు తెరిచే ముందు భార్యకు చేపల ఎరకని నాలుగు ఉత్తుత్తి ఈగలు కట్టిచ్చేవాడు. కొక్కేనికి కోడి ఈక పెట్టి, కుట్టుదారం చుట్టి, పట్టకారుతో ముడి బిగిస్తే అచ్చం ఈగే. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆవిడ కుంట గట్టున కూర్చుని, వెదురు గాలపు బెత్తం విసిరి వాటిని నీటి మీద వాలించేది. ఇంటికి మాత్రం ఒక్క చేపా రాలేదు.

"పడట్లేదండీ, ఏం చేయను?" అనేది నవ్వుతూ.

ఆ నవ్వే ఆయనకు కొరుకుడు పడలేదు. ఒకరోజు కంటికి భూతద్దం తగిలించుకుని ఈగల్ని పరీక్షించాడు. నాలుగింటికీ కొక్కెం మొనలు కత్తిరించి ఉన్నాయి, అదీ తన కటింగ్ ప్లేయరుతోనే. చేపలు అక్కర్లేని మనిషికి కుంటతో పనేంటి? అనుమానం బుర్ర తొలిచేసింది.

ఆ కుంటలో అద్దంలోలా ఎవరి బొమ్మ పడినా, మనిషి వెళ్లిపోయాక కూడా పొద్దుగూకేదాకా నీళ్లలోనే ఉండేది. గట్టున మర్చిపోయిన గొడుగు ఎవరిదో తేల్చుకోవాలన్నా ఊళ్లోవాళ్లు అందులోకే తొంగిచూసేవారు. ఆ సాయంత్రం మేస్త్రీ వెళ్లి చూశాడు. భార్య బొమ్మ పక్కనే పోస్ట్‌మాన్ సైకిలు. ఇంకేముంది!

మర్నాడు షాపు మూసి జమ్ము పొదల్లో నక్కాడు. పోస్ట్‌మాన్ వచ్చాడు, బెల్లు కొట్టాడు, "బాగున్నావా అక్కా?" అంటూ ఆగకుండానే పోయాడు. అంతే. ఆవిడ ఈగ విసిరింది. చేప పైకొచ్చి, ఈకను కరుచుకుని, రుచి నచ్చనట్టు ఉమ్మేసి పోయింది. ఆవిడ పకపకా నవ్వి మళ్లీ విసిరింది. మేస్త్రీకి సిగ్గేసింది, ప్రాణమూ లేచొచ్చింది. వంగి వంగి ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్టు ఒక గోడగడియారం విప్పుకు కూర్చున్నాడు.

భార్య చీకటి పడ్డాక వచ్చి బెత్తం గోడకు ఆనించింది.

"జమ్ములో మీ బొమ్మ ఇందాకటిదాకా అలాగే ఉంది," అంది.

ఆయన చేతిలో స్క్రూ జారిపోయింది.

"తొంగిచూస్తూ. పొద్దుగూకేదాకా ఆ మొహానికి ఎదురుగానే కూర్చున్నా. పన్నెండేళ్ల కాపురంలో ఆ మొహం నాకెప్పుడూ చూపించలేదు మీరు."

"అది కాదే... ఆ పోస్ట్‌మాన్..."

"పోస్ట్‌మానా?"

అప్పుడు అర్థమైంది ఆవిడకి, ఆయన ఎందుకు నక్కాడో. ఏడవలేదు. నాలుగు బట్టలు సంచిలో పెట్టుకుని అక్క ఇంటికి వెళ్లిపోయింది.

ఇప్పుడు మేస్త్రీ రోజూ మధ్యాహ్నం తల దువ్వుకుని కుంటకు వెళ్తాడు. గట్టున నిటారుగా నిలబడి, ఉన్నంతలో మంచి మొహం పెట్టి, దాన్ని నీళ్లలో వదిలి వస్తాడు. ఆవిడ అటువైపు రావడమే మానేసింది.