ఉగ్గుగిన్నె ముక్కుకు అంటిన తేనె

నేను ఒక కంచు ఉగ్గుగిన్నెను. అరచేతిలో ఇమిడేంత ఉంటాను. ఒక పక్కన పిచ్చుక ముక్కులాంటి చిన్న ముక్కు ఉంది నాకు. దాన్ని పసిబిడ్డ పెదవుల మధ్య పెట్టి ఉగ్గు వంచుతారు. బుడితి అనే ఊళ్ళో ఒక కంచరి నన్ను మట్టి మూసలో పోశాడు. చల్లారాక ముక్కును ఆకురాయితో అరగదీసి, తన నాలుక మీద పెట్టుకుని చూశాడు. గరుకు తగిలితే మళ్ళీ అరగదీశాడు. అలా ఏడెనిమిదిసార్లు. అమ్మే వస్తువును ఎవరూ అంతగా అనుమానించరు. నా అనుమానపు బుద్ధి ఆయన నుంచే వచ్చి ఉంటుంది.

ఉగ్గుగిన్నెకు ఒక్కో బిడ్డతో ఉండే సంబంధం ఏడాదిన్నర. ఆ తర్వాత బిడ్డ కంచంలో వేళ్ళు పెడుతుంది. ఆ రోజే నన్ను తోమి, బోర్లించి, అటకెక్కిస్తారు. ఆ బిడ్డ పెద్దదై నా ఎదుటే తిరుగుతున్నా నన్ను గుర్తుపట్టదు. అందుకే ఎవరైనా నన్ను ముద్దుగా చేతిలోకి తీసుకుంటే నాకు నమ్మకం కుదరదు. ఎన్నాళ్ళకు దింపేస్తారో అని వేళ్ళ వంకే చూస్తుంటాను.

పాలకొండలో నేను మొదట ఉగ్గు పోసిన బిడ్డ పేరు పారమ్మ. ఆమె తొలి కాన్పుకు పుట్టింటి సారెతో నేనూ ఆమె అత్తింటికి వెళ్ళాను. ఆడపిల్ల పుట్టింది. ఏడో నెలలో జ్వరం తగిలి మూడు రోజులు ఏడ్చింది. మూడో రోజు సాయంత్రం ఏడుపు ఆగింది. తగ్గిందనుకున్నారు అందరూ. పారమ్మ పరుగున ఉగ్గు కలిపి తెచ్చి నా ముక్కు ఆ పెదవుల మధ్య పెట్టింది. ఉగ్గు చెంప మీదుగా కారిపోయింది.

అప్పటి నుంచి ఏ బిడ్డ ఏడ్చినా పారమ్మ చేతులు వణుకుతాయి. ఏడుపు ఆగితే బిడ్డ ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూస్తుంది. తర్వాత పుట్టిన కొడుకును అలాగే పెంచింది. అతను ఇప్పుడు లారీ నడుపుతాడు, నెలకు పది రోజులు ఇంట్లో ఉంటాడు.

ముప్పై ఏళ్ళ తర్వాత నన్ను అటక దింపింది ఆ కొడుకు కూతురు చైత్ర కోసం. కోడలు రోహిణి పొద్దున్నే కుట్టు సెంటరుకు పోతే, పాప రోజంతా నానమ్మ దగ్గరే. ఏడాది నిండాక పాలు మాన్పించారు. మధ్యాహ్నం నిద్రవేళకు పాప గుక్కపట్టి ఏడ్చింది. పారమ్మ చేతులు వణికాయి. సీతంపేట కొండ తేనె నాలో రెండు చుక్కలు పోసి, రబ్బరు పీకను అందులో ముంచి పాప నోట్లో పెట్టింది. పాప పడుకుంది. లేచేదాకా పీక నోట్లోనే ఉంది. ఆ తర్వాత అదే అలవాటైంది. నేను మురిసిపోయాను. ఏడాదిన్నర దాటినా, రెండేళ్ళు దాటినా నన్ను అటకెక్కించలేదు మరి.

రెండేళ్ళు దాటాక పాప పై పళ్ళ మీద చిగురు వెంట తెల్లటి గీత కనబడింది. తర్వాత అది మట్టిరంగుకు తిరిగింది. ఒక పన్ను అంచు పెచ్చులూడింది. జంతిక ఇస్తే కొరకకుండా నానమ్మ చేతిలో పెట్టేసేది.

ఇక ఇంట్లో ఒకరినొకరు అనుమానంగా చూడడం మొదలైంది.

"నేను లేనప్పుడు బిస్కెట్లు పెడతన్నావు కదూ?" అంది రోహిణి.

"పెడితే నా సెయ్యి పడిపోను. నీ పేస్టు నురగే మన గుంటదాని పళ్ళు తినేసినాది."

"నీ నోట్లో నాలుగు పళ్ళు లేవు, నువ్వా అత్తా నాకు పళ్ళ సంగతి సెప్పేది?"

"పాలపళ్ళే కదే! ఊడిపోయేవాటికి ఇంత గోలేటి?"

నా అనుమానం మాత్రం పీక మీదే. జాతరలో కొన్న ఊదారంగు రబ్బరు. రంగు చూస్తేనే తెలుస్తుంది మంచిది కాదని. నా మీద నాకు అనుమానమే రాలేదు. నేను కంచును కదా!

ఒక పొద్దున పాప పైపెదవి ఉబ్బింది. అన్నం ముద్ద చూసి మొహం తిప్పుకుంది. రోహిణి సెలవు పెట్టి ఆసుపత్రికి బయలుదేరింది. "దీన్లో నీ తప్పుందని తేలితే, గుంటని రేపట్నుంచి సెంటరుకే తీసుకుపోతాను. నీ దగ్గర ఒగ్గను" అంది. పారమ్మ నన్నూ, పీకనూ, తేనె సీసానూ చేతిసంచిలో పెట్టుకుని వెనకే నడిచింది.

పళ్ళ డాక్టరమ్మది చిన్న వయసు. చిన్న అద్దంతో పాప నోట్లోకి చూసి, "తీపి ఏమైనా పెడతారా అమ్మా?" అని అడిగింది.

"లేదమ్మా. సక్కెర ముట్టనివ్వను, బెల్లం ముట్టనివ్వను." పారమ్మ పాప నెత్తిన చెయ్యి పెట్టింది. "ఒట్టు."

అబద్ధం కాదది. తేనె ఆమెకు తీపి కాదు, మందు.

డాక్టరమ్మ పంటిని తాకింది. పాప గుక్కపట్టింది. అంతే, పారమ్మ ఎక్కడున్నదీ మరిచిపోయింది. సంచిలోంచి నన్ను తీసి, తేనె వంచి, పీక ముంచి, డాక్టరమ్మ మోచేతి కింద నుంచే పాప నోట్లో పెట్టేసింది.

రోహిణి నన్నే చూస్తోంది.

"రోజూ ఇలాగే పడుకోబెడతారా?" అంది డాక్టరమ్మ మెల్లగా.

"మందే కదమ్మా..." అంది పారమ్మ.

చక్కెరైనా తేనైనా పంటికి ఒకటేననీ, నిద్రలో నోట్లో ఉమ్మి ఊరడం తగ్గుతుందనీ, ఆ తీపి గంటల తరబడి పళ్ళకు పట్టి ఉంటుందనీ డాక్టరమ్మ చెప్పింది. చీము పట్టిన ఒక పన్ను తీసేయాలి. మరో మూడు పళ్ళకు మందు పూస్తే అవి నల్లబడతాయి, కానీ పుప్పి ఆగుతుంది. పాలపళ్ళు పాడైతే వాటి చోట వచ్చే పళ్ళకూ చేటే. తిన్నాక తడిగుడ్డతో తుడవాలి, మెత్తని బ్రష్షుతో రెండుపూటలా తోమాలి.

తిరిగి వచ్చాక పారమ్మ చాప గోడ వారకు జరుపుకుంది. ఒట్టు వేసిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మర్నాడు రోహిణి పాపను తయారుచేసింది. చెప్పులు వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళింది. మళ్ళీ లోపలికి వచ్చి పాపను ఆ ఒళ్ళో కూర్చోబెట్టింది.

"ఏడిస్తే ఏడవనీ అత్తా. తేనె మాత్రం వద్దు."

పీక చెత్తలోకి పోయింది. నాకూ అదే గతి అనుకున్నాను. పారమ్మ నన్ను చింతపండుతో తోమి, కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, పక్కన తెల్లటి గుడ్డముక్క పెట్టింది.

పాప మూడు మధ్యాహ్నాలు ఏడ్చింది. మూడు మధ్యాహ్నాలూ పారమ్మ తన చేతులు తన తొడల కింద పెట్టుకుని కూర్చుంది. మూడో రోజు ఏడుపు ఉన్నట్టుండి ఆగింది. పారమ్మ కదల్లేదు. చాలాసేపటికి వేలు చాచి పాప ముక్కు కింద పెట్టింది. వెచ్చటి గాలి తగిలింది కాబోలు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇప్పుడు పాప మూడు నల్లపళ్ళతో నవ్వుతుంది, జంతిక పక్కపళ్ళతో కొరుకుతుంది. రోహిణి సాయంత్రం ఇంటికి రాగానే, ఎవరూ చూడడం లేదనుకుని నన్ను ఎత్తి వాసన చూస్తుంది. అంతటితో నమ్మకం లేక, నా ముక్కు నాలుక మీద పెట్టుకుంటుంది.

ఆ కంచరి తర్వాత ఆ పని చేసింది ఆమె ఒక్కతే. నన్ను ఎప్పుడు అటకెక్కిస్తారో తెలియదు. ఆ రోజు దాకా ఆమె అలా అనుమానిస్తూనే ఉండాలని మాత్రం కోరుకుంటాను.