మోకాళ్ల వాపుకు పితికిపప్పు

మొదట్లో నా చేతిలో ఉన్నవి అమ్ముడుపోని అనపగింజల బస్తాలు, వాచిన ఎడమ మోకాలు, ఎవరినైనా నమ్మించే నోరు. నోటినే పెట్టుబడిగా పెట్టాను.

చిత్తూరు మార్కెట్టులో నాది పప్పుల కొట్టు. తిరుపతిలో పరిశోధన చేసే కమలిని ఒకరోజు అనపగింజలు కొంది. ఎందుకమ్మా అని అడిగాను.

"గింజల్లోని ప్రోటీన్‌ను, కడుపులో అరిగినట్టే, సీసాలో అరిగిస్తామన్నా. పెప్టైడ్లనే చిన్న ముక్కలొస్తాయి. వాపెక్కిన కణాల మీద వేస్తే వాపు తగ్గే సూచనలు కనిపిస్తున్నాయి. కానీ ఇదంతా సీసాలోనే. మనుషుల్లో ఇంకా తేలలేదు."

మొదటి మాటలు శ్రద్ధగా విన్నాను. చివరి మాటకు చిల్లర వెతుక్కుంటున్నాను.

మర్నాడే కొట్టు ముందు అట్ట వేలాడదీశాను: 'మోకాళ్ల వాపుకు పితికిపప్పు'. దాని కిందే కూర్చుని, మా కొట్టులో పనిచేసే పోలేరమ్మ నానిన అనపగింజలను పితికి, తొక్క తీసి పితికిపప్పు చేసేది. గిరాకీ ఊపందుకుంది. కుంటే వ్యాపారి దగ్గర వాపు మందు ఎవరు కొంటారు? అందుకని డాక్టరిచ్చిన మాత్ర చాటుగా మింగి, జనం ముందు పెళ్లికొడుకులా నిటారుగా నడిచేవాణ్ణి. ఇంటికెళ్లి మూలిగేవాణ్ణి.

వారం తిరక్కుండా పోలేరమ్మ గోడ పట్టుకుని వచ్చింది. మోకాలు కుండలా ఉంది.

"ఏమైందక్కా?"

"ఏమవుతాది? నీ నడక సూసి నేనూ ఆస్పత్రి మాత్రలు నిలిపేసినా. రెండు పూటలా నీ పప్పే తింటా ఉండా. నీకు తగ్గె, నాకేల తగ్గలేదప్పా? నా కడుపులో సరిగా అరగలేదేమో!"

ఎదురుగా నలుగురు సంచులు పట్టుకుని నిలబడ్డారు. నిజం చెబితే వాళ్లు పోతారు. చెప్పకపోతే ఈమె మంచాన పడుతుంది. ఇంత చిన్న లెక్కకు నాకు చాలాసేపు పట్టింది.

చివరికి జేబులోంచి మాత్రల అట్ట తీసి చూపించాను. "నాకూ తగ్గలేదక్కా. దీన్ని మింగే నడస్తా ఉండా."

"అయితే ఆ నడకంతా నాటకమా! సినిమాల్లోకి పోకుండా ఈడ పప్పులెందుకు అమ్ముకుంటా ఉండావప్పా?"

నలుగురూ నవ్వారు. ముగ్గురు వెళ్లిపోయారు. నాలుగో ఆమె కూరకని అరకిలో తీసుకుంది.

నష్టం: గిరాకీ, మర్యాద, కొట్టు ముందు వేలాడిన అట్ట. లాభం: పోలేరమ్మ కొంగుముడి విప్పి, ఆస్పత్రివాళ్లిచ్చిన తన మాత్ర నా ఎదుటే వేసుకుంది. నీళ్లు నా సీసాలోవే. సీసా తిరిగి ఇవ్వలేదు.