లిదియమ్మ చెప్పిన సాక్ష్యం

సంచి అడుగున ఊడిన కుట్టు మళ్లీ వేసి, దారం పళ్లతో కొరికి, లిదియమ్మ గోడ పట్టుకుని లేచింది. మోకాళ్లు రెండూ చప్పుడు చేశాయి. శనివారం కాబట్టి లేవక తప్పదు. శనివారం పిడికెడు బియ్యం తెచ్చే రోజు.

ఆత్మకూరులో చర్చి వెనక ఉన్న ఒంటిగది ఆమెది. అంటే ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే ఈ పని ఉన్నన్నాళ్లు ఆమెది. మర్రిపాడు దారిలోని పల్లెల్లో, క్రైస్తవుల ఇళ్లలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో వేస్తారు. అది దేవుడి వాటా. వారానికోసారి లిదియమ్మ వచ్చి, ఆ ఇంట ప్రార్థన చేసి, ముంతను సంచిలోకి ఒంపుకుంటుంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ బియ్యాన్ని చర్చిలోనే వేలం వేస్తారు. ఎవరూ పాట పాడని నాడు చివరికి లిదియమ్మే ఎంతో కొంతకు పాడుకునేది. దేవుడి బియ్యం అడిగే దిక్కు లేకుండా బల్ల మీద ఉండిపోతే ఆమె మనసు ఒప్పేది కాదు. అలా కొన్న బియ్యమే వండుకుని తినేది కాబట్టి, ఊరందరి పొయ్యిల దగ్గరి అన్నమూ కొంచెం కొంచెం ఆమె కడుపులోకి చేరిందని చెప్పాలి.

పొట్టి మనిషి. ఉతికి ఉతికి పలచబడిన తెల్లచీర, దానికి సన్నని నీలం అంచు. బోసి చెవులు, తల వెనక నిమ్మకాయంత ముడి. నీలగిరి తైలం వాసన ఆమె కంటే ముందు ఇంట్లోకి వచ్చేది. ముప్పై ఏళ్లుగా ఆ వాసన వస్తే ఆడవాళ్లు చేతిలో పని పక్కన పెట్టి కొంగు తల మీదికి లాక్కునేవాళ్లు. ఈ మధ్య ఆ వాసన వస్తే పెరట్లోకి పోతున్నారు.

బస్టాండులో ఏ.ఎస్.పేట దర్గా నుంచి తిరిగొచ్చిన వాళ్లు మూటలు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. వాళ్లను దాటుకుని బద్వేలు బస్సెక్కింది. కండక్టర్ మల్లికార్జున టికెట్ కొడుతూ, నలుగురికీ వినబడేలా అన్నాడు.

"ఏమ్మా, ఈ వారం పొడి డబ్బాల్లేవా? మా ఇంటామెకు బలం తగ్గింది."

బస్సులో నవ్వారు. లిదియమ్మ కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకా నవ్వుతారని ఆమెకు ఈ మధ్యే తెలిసింది. కిటికీ వైపు జరిగి ఒళ్లో సంచి మడత పెట్టుకుంది. తన మాట నమ్మి ఆ పొడి డబ్బాలు కొన్న శీనమ్మకు ఇవాళ నిజం చెప్పెయ్యాలి. చెప్పి, ఆ ఇంట్లో మళ్లీ ఒక్కసారి మోకరించి ప్రార్థన చేసుకోగలిగితే చాలు. మిగతా ఇళ్లు తర్వాత తెరుచుకున్నా సరే, తెరుచుకోకపోయినా సరే.

ఆ పొడి సంగతి చెప్పాలంటే డేవిడ్‌రాజు దగ్గర మొదలుపెట్టాలి. ఆమె భర్త బతికుండగా ఎత్తుకుని తిప్పిన మేనల్లుడు. డిగ్రీ తప్పి, కొన్నాళ్లు కనబడకుండా పోయి, ఒక మే నెలలో మెడకు టై కట్టుకుని వచ్చాడు. కుక్కలు కూడా కాలవలో దిగి పడుకునే ఎండలో టై. "అత్తా, మోకాళ్లు పడిపోయినాక నిన్ను ఈ గదిలో ఉండనిస్తారా?" అని అడిగాడు. ఆ మాట ఆమె రోజూ పడుకునే ముందు తనను తాను అడుగుతున్నదే. పైకి ఎవరితోనూ అనలేదు. అతనెట్లా కనిపెట్టాడో మరి.

నెల్లూరులో మీటింగుకు తీసుకెళ్లాడు. చల్లటి హాలు, మెత్తని కుర్చీలు. ఒక్కొక్కరే లేచి మైకు పట్టుకుని తమ కథ చెప్పారు. ఒకాయన బ్యాంకు ఉద్యోగం వదిలేశానన్నాడు. ఒకామె ఇంటికి స్లాబు వేశామని చెబుతూ ఏడ్చేసింది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. చదువుకున్న మనుషులు కొందరు అప్పుడే అనుమానపడి బయటికి వెళ్లిపోయారట. లిదియమ్మకు మాత్రం అది ఎరిగిన వ్యవహారంలా కనబడింది. చర్చి వాళ్లు పెట్టే ఉజ్జీవ కూటాల్లో, దేవుడు తమకు చేసిన మేలు గురించి అచ్చం ఇలాగే లేచి సాక్ష్యం చెబుతారు. సాక్ష్యంలో అబద్ధమాడిన వాణ్ణి ఆమె తన బతుకులో చూడలేదు. తాగుబోతులు, కోళ్ల దొంగలు కూడా అక్కడ నిజమే చెప్పేవాళ్లు. కాస్త పెంచి చెప్పేవాళ్లేమో గాని, కోడిని ఎత్తుకొచ్చిన మాట మాత్రం నిజం. కాబట్టి ఆ స్లాబు ఉందనే ఆమె నమ్మింది.

పద్ధతి చూస్తే తేలికే. బలానికి తాగే పొడి డబ్బాలు కొని చేరాలి. కింద ఇద్దరిని చేర్చాలి. వాళ్లు చెరొక ఇద్దరిని చేర్చుకుంటూ పోతారు. ఒకవైపు వాళ్లను ఎడమ కాలు అంటారు, రెండో వైపు వాళ్లను కుడి కాలు అంటారు. రెండు కాళ్లూ సమానంగా పెరిగితే కంపెనీ చెక్కు పంపుతుంది. "దేవుడిచ్చిన రెండు కాళ్లే నా మాట వినడం లేదు, ఇంకో రెండా నాయనా?" అంది లిదియమ్మ. అన్నదే గాని చేరింది. ఆశ లావు, పీక సన్నం అని ఊరికే అన్నారా.

ఆమెకు తలుపు మూసే ఇల్లు ఉండేది కాదు. డేవిడ్‌రాజుకు కావలసిందీ అదే. ప్రార్థన కాగానే సంచిలోంచి డబ్బా తీసేది. రెబెకమ్మ చేరింది, టీచరమ్మ సుకుమారి చేరింది, వాళ్ల చుట్టాలు చేరారు. ఎడమ కాలు ఏపుగా పెరిగింది. కుడి కాలు మాత్రం ఒక్క మనిషి తక్కువై కుంటుతూ ఉండిపోయింది. ఆ ఒక్క మనిషి దొరికితే చెక్కు. గొర్రెలు కాసే వాళ్ల పల్లెలో శీనమ్మ ఉంది. మొగుడు పోయాక నాలుగు మేకలతో బతుకుతున్న మనిషి. "నాకెందుకు లేమ్మా ఇయ్యన్నీ" అని తప్పుకుంది.

"నీకు చెక్కు వచ్చిందని చెప్పత్తా," అన్నాడు డేవిడ్‌రాజు.

"రాలేదు గదరా."

"రేపు వస్తాది గదా. రాకముందే వచ్చిందని నోటితో ఒప్పుకోవడమే గదా విశ్వాసం అంటే. నువ్వే గదా మాకు చిన్నప్పుడు నేర్పినావు."

నిజమే, నేర్పింది. ఆ వారం శీనమ్మ ఇంట్లో ప్రార్థన కూటం పెట్టినప్పుడు లిదియమ్మ లేచి నిలబడి, కళ్లు మూసుకుని, నాకు చెక్కు వచ్చింది అని సాక్ష్యం చెప్పింది. నోరు తడబడలేదు. తడబడి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో. శీనమ్మ మేకలను తోలుకుపోయి సంతలో అమ్మి చేరింది. చేరిన నెలలోనే నెల్లూరులో కంపెనీ ఆఫీసు షట్టరు దించేసి, బోర్డు కూడా పీక్కుపోయారు. చెక్కు ఎవరికీ రాలేదు. డేవిడ్‌రాజు తాను చేర్చిన వాళ్లకు మొహం చూపించలేక బెంగుళూరు లారీ ఎక్కాడు. వాడి టై లిదియమ్మ గదిలో మేకుకు వేలాడుతూ ఉండిపోయింది.

మర్రిపాడు ఇవతల బస్సు దిగి, గొడుగు విప్పుకుని నడిచింది. రెబెకమ్మ వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తూ ఉంది. లేవలేదు.

"ఈ వారం బియ్యం తియ్యలా అమ్మా."

"పోనీలే. ఒక మాట ప్రార్థన చేసుకుందామా?"

"పనుండాది."

వంటింటి గూట్లో ఆ పొడి తాలూకు బొమ్మ డబ్బాలు వరసగా కనబడుతూనే ఉన్నాయి. ఉప్పు ఒకదాంట్లో, చింతపండు ఒకదాంట్లో. ఆ వ్యాపారంలో ఎవరికైనా మిగిలింది ఉందంటే ఆ డబ్బాలే. ప్రతి డబ్బా మీదా నలుగురున్న కుటుంబం ఒకటి తెల్లటి పళ్లతో నవ్వుతూ ఉంటుంది. తర్వాతి ఇంట్లో గొళ్లెం లోపల నుంచి వేసి ఉంది. ఆ తర్వాతి ఇంట్లో చిన్నపిల్ల బయటికొచ్చి, "మాయమ్మ లేదని చెప్పమంది," అని చెప్పి పోయింది. లిదియమ్మ ఆ పిల్ల తల నిమిరి ముందుకు నడిచింది. సంచి ఖాళీగానే ఉంది. ఎడమ చెయ్యి పొద్దుటి నుంచి లాగుతూ ఉంది. గొడుగు బరువనుకుని చెయ్యి మార్చుకుంది.

శీనమ్మ తలుపు తీసే ఉంది. మేకలు కట్టేసే గుంజ దగ్గర పుల్లలు పేర్చి ఉన్నాయి. ఇప్పుడామె క్వారీలో కంకర కొట్టడానికి పోతోంది. చేతివేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది. లిదియమ్మను చూసి కొంగు తల మీదికి లాక్కుంది. ఇంత జరిగాక కూడా అలా లాక్కున్న మనిషి ఆమె ఒక్కతే.

"కూర్చోమ్మా. ఎండన బడి వచ్చినావు. నీళ్లు తెస్తా."

నీళ్లు తాగింది. శీనమ్మ ఎదురుగా చాప పరిచి, ప్రార్థన కోసం మోకాళ్ల మీద కూర్చుంది. లిదియమ్మ కూర్చోలేదు.

"శీనమ్మా, ముందొక మాట చెప్పాల. ఆ రోజు నీ ఇంట్లో నాకు చెక్కు వచ్చిందని చెప్పినాను గదా. రాలేదు. ఒక్క రూపాయి రాలా. రాకుండానే చెప్పినాను."

శీనమ్మ కాసేపు అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. బయట రోడ్డు మీద లారీ ఒకటి గేరు మార్చుకుంటూ ఎక్కడం ఇద్దరూ విన్నారు.

"ఎందుకు చెప్పినావమ్మా?"

"నువ్వు చేరితే వస్తాదని. నీకూ వస్తాదని నమ్మినాను."

"అది గాదు. ఇప్పుడెందుకు చెప్పినావు అంటుండా." శీనమ్మ గొంతు పెంచలేదు. "డేవిడ్‌రాజు నిన్నూ నన్నూ ఇద్దరినీ ముంచినాడు అనుకొని ఉండాను. రాళ్లు కొట్టేటప్పుడు అదే అనుకుంటా. లిదియమ్మకూ నాకూ ఒకటే అయింది గదా, ఆమె ముసిలిది గూడా, నాకు చేతులన్నా ఉండాయి అనుకుంటా. అది గూడా తీసకపోతివి."

లిదియమ్మ ఏదో అనబోయింది. ముప్పై ఏళ్లుగా ఇతరుల ఇళ్లలో ఏ కష్టానికైనా ఒక మాట ఉండేది ఆమె దగ్గర. పిల్ల పోయిన ఇంట్లోనూ ఉండేది, పాము కరిచిన ఇంట్లోనూ ఉండేది. ఇప్పుడు వెతికితే ఒక్కటీ దొరకలేదు.

"ప్రార్థన చేసుకుందామా?" అంది చివరికి.

"వద్దులే అమ్మా." శీనమ్మ చాప చుట్టేసింది. పొయ్యి దగ్గరికెళ్లి ఒక డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. బొమ్మ డబ్బానే. ముంత పగిలాక పిడికెడు బియ్యం అందులో వేస్తోంది. "ఇది దేవుడిది. నీ కోసం ఇయ్యడంలా. డబ్బాతోనే తీసకపో. ఇంట్లో దాన్ని చూడలేను."

లిదియమ్మ సంచి నోరు తెరిచి డబ్బా లోపల పెట్టుకుంది. నడుస్తుంటే బియ్యం గలగలమంటూ వచ్చింది. వారమంతా నిండు పిడికిళ్లతో తీసిన చప్పుడు కాదది. కంకర కూలితో కొన్న బియ్యంలో శీనమ్మ పిడికిలి ఎంత చిన్నదైపోయిందో ఆ చప్పుడే చెబుతోంది. ఎడమ చెయ్యి ఇంకా లాగుతూనే ఉంటే రెండుచోట్ల ఆగింది. ఏడుద్దామనుకుంటే రాలేదు.

బస్సాగే చోట ఖాజాబీ మజ్జిగ అమ్ముతుంది. పైన కొబ్బరాకుల పందిరి, కింద రెండు బండలు. లిదియమ్మ బండ మీద కూర్చుని డబ్బా ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుంది. చెమటకు చీర వీపుకు అంటుకుపోయింది.

"గ్లాసు మజ్జిగ ఇయ్యనా?" అంది ఖాజాబీ. "మొహమేంది అట్టా పాలిపోయింది?"

"బస్సు వస్తే లేపు బీబీ. కాసేపు కళ్లు మూసుకుంటా."

ఖాజాబీ గ్లాసు కడిగి మజ్జిగ పోసి ఆమె పక్కన బండ మీద పెట్టింది. లారీల వాళ్లు ఇద్దరు వచ్చి తాగిపోయారు. బస్సు మలుపు తిరగడం కనబడగానే, "లిదియమ్మా, లెయ్యి," అని పిలిచింది. బస్సు ఆగింది. మల్లికార్జున మెట్టు మీద నుంచి, "రామ్మా, తొందరగా," అన్నాడు. ఖాజాబీ వెళ్లి భుజం తట్టింది. తట్టి, కాసేపు అలాగే నిలబడి, కండక్టర్ వైపు తిరిగి చెయ్యి అడ్డంగా ఊపింది. మల్లికార్జున దిగొచ్చి చూశాడు. బ్యాగు చంకలోకి తోసుకుని, ఆమెను ఎత్తి వెనక సీటులో పడుకోబెట్టాడు. ఆత్మకూరు దాకా ఆమె సంచి తనే పట్టుకుని పక్కన నిలబడ్డాడు. మజ్జిగ గ్లాసు బండ మీదే ఉండిపోయింది.

మర్నాడు ఆదివారం సమాధి చేశారు. పల్లెల నుంచి చాలామందే వచ్చారు. చచ్చిన మనిషి మీద కోపం పెట్టుకోవడం మనవాళ్లకు చేతకాదు. బతికున్న మనిషి మీద పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు. రెబెకమ్మ గట్టిగా ఏడ్చింది. శీనమ్మ దూరంగా నిలబడి చూసి, మన్ను వేయకుండా వెళ్లిపోయింది. సాయంత్రం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద చెంచురామయ్య ఎప్పటి అలవాటుగా కానుకలు వేలం వేశాడు. గుమ్మడికాయ పోయింది, కోడిపుంజు పోయింది. తర్వాత ఆమె సంచిలో దొరికిన డబ్బా పైకెత్తి చూపించాడు.

"పిడికెడు బియ్యం. పాట ఎవరు?"

ఎవరూ పలకలేదు. ఆయన రెండోసారి కూడా అడిగి, అలవాటు కొద్దీ ఆడవాళ్ల వైపు, గోడవారగా ఆమె కూర్చునే చోటుకు చూశాడు. చూసి, డబ్బా తిరిగి బల్ల మీద పెట్టాడు. దీపాలు ఆర్పి తలుపులు వేసి అందరూ వెళ్లిపోయారు. బల్ల మీద డబ్బా అలాగే ఉంది, అడుగున ఇంత బియ్యంతో, పైన తెల్లటి పళ్లతో నవ్వుతున్న నలుగురితో.