గవని దాటిన పాట

ధ్రుపదాబాయికి గొంతులో గడ్డ లేచి, లాతూరులో ఆపరేషన్ చేయించుకుని వచ్చాక మాట పోయింది. ప్రాణం దక్కింది, అదే పదివేలు అన్నారు చుట్టపక్కాలు. ఆమెకు మాత్రం అలా అనిపించలేదు. ఆ గొంతు మామూలు గొంతు కాదు. బాబాసాహెబ్ జయంతి దగ్గర పడితే చాలు, టేంభుర్‌గావ్ ధ్రుపదాబాయి మేళం కావాలని ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో మనుషులు వచ్చేవారు. డప్పులన్నీ ఒక పక్క, ఆమె గొంతు ఒక్కటీ ఒక పక్క. ఆ పాటలు ఎవరో రాసిచ్చినవి కావు. పత్తి ఏరుతూ, రోడ్డు పనిలో కంకర మోస్తూ తనే కట్టుకున్నవి.

కూతురు సంఘమిత్రకు తాలూకా ఊళ్ళో జాకెట్లు కుట్టే దుకాణం ఉంది. తల్లి పాడిన పాత క్యాసెట్లు ఏ ఇంటి అటక మీద ఉన్నాయో వెతికి పట్టుకొచ్చి, పాటలన్నీ ఫోన్లోకి ఎక్కించింది. తల్లికీ ఒక ఫోన్ కొని అందులోనూ వేసింది. ఆ తర్వాత పాత తెల్ల కారు ఒకటి బేరానికి వస్తే, అమ్మేవాడిని ఇంజను సంగతి అడగకముందే ఫోన్లో పాట కారులో మోగుతుందా లేదా అని అడిగింది.

కారు ఇంటికి తెచ్చిన రోజు తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టింది.

"ఆయీ, ఇదిగో, ఇక్కడ కారు పేరొచ్చింది చూడు. దాని మీద వేలు పెట్టు. ఇప్పుడు పాట నొక్కు."

ధ్రుపదాబాయి నొక్కింది. తీగ లేదు, తాడు లేదు, ఒళ్ళో ఉన్న ఫోన్లోంచి ఆమె గొంతు కారు నాలుగు తలుపుల్లోంచీ లేచింది. పడుచుతనంలో పాడిన పాట. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీద కోత మచ్చ దగ్గరికి పోయింది. పాట అయిపోయేదాకా చెయ్యి అక్కడే ఉంది.

ఇక ఆ ముందు సీటు ఆమెదే అయింది. రోజూ కూతురితో దుకాణానికి పోయేది. తమ వాడ భీమ్‌నగర్ నుంచి పెద్ద రోడ్డెక్కాలంటే ఊరి గవని కిందనుంచే పోవాలి. నల్లరాతి కమాను అది, రెండు పక్కలా అరుగులు. ఆ అరుగుల మీద పొద్దున్నుంచీ పెద్దింటి మగవాళ్ళు కూర్చుని ఉంటారు. గవని దగ్గర పడితే భీమ్‌నగర్ కుర్రాళ్ళు బండి మీద పాట తగ్గించుకుంటారు. సంఘమిత్ర తగ్గించేది కాదు.

"ఏం తాయీ, మాకేమన్నా చెవుడనుకున్నవా?" అన్నాడొకాయన ఒకరోజు.

"చెవుడైతే నీకే హాయి కద కాకా, నా పాట వినే బాధ తప్పేది" అని గేరు మార్చింది.

ధ్రుపదాబాయి పెదవి బిగించి నవ్వు ఆపుకుంది.

ఆ ఏడు జయంతికి చిక్కొచ్చి పడింది. ఏటా ఊరేగింపు గవని దాకా వచ్చి, డప్పులు ఆపి, వాగు పక్క దారిలో వెనక్కి మళ్ళేది. ఆపమని ఎక్కడా రాసి లేదు, అయినా అందరూ ఆపేవారు. ఈసారి గవని కిందనుంచే పోవాలని కుర్రాళ్ళు పట్టుబట్టారు. ఆ కబురు ఎవరు మోశారో, డప్పు వద్దు, మైకు వద్దు, డీజే అసలే వద్దు, నడిచి పోతే పొండి అని పోలీసు ఠాణా నుంచి కాగితం వచ్చింది.

వాడలోని బుద్ధ విహారంలో అందరూ తల పట్టుకుని కూర్చున్నారు. పాట లేని జయంతి శవయాత్రలా ఉంటుందని ఎవరో అన్నారు. సంఘమిత్ర ఆ కాగితం తీసుకుని పైనుంచి కింద దాకా చదివింది.

"కారుల పాట వినొద్దని ఇందుల ఉన్నదా?"

కాగితం అందరి ముందూ తిప్పి చూపించింది.

"లేదు కద. నేను మా ఆయిని ఎక్కించుకుని మెల్లగ పోత. అద్దాలు దించుకుంట, ఎండాకాలమాయె. మీరు నా ఎనక నడుస్తరు. నడవొద్దని కూడ ఇందుల లేదు."

అలా బయల్దేరారు. తెల్ల కారు ముందు భాగాన బాబాసాహెబ్ పటం, దానికి చామంతి దండ. వెనక తెల్ల చీరల్లో ఆడవాళ్ళు, నీలం జెండాలతో మగవాళ్ళు. కారులోంచి ధ్రుపదాబాయి గొంతు. మేళంలో ఒకప్పుడు వంత పాడిన ఆడవాళ్ళు కారు పక్కనే నడుస్తూ కిటికీలోంచి ఆమె భుజం తట్టి పోతున్నారు.

గవని దగ్గర అణ్ణాసాహెబ్ నిలబడి ఉన్నాడు. మూడు తరాలుగా సర్పంచ్‌గిరీ ఆ ఇంట్లోనే ఉంది. ఆయన కొడుకు శంభురాజ్ తన నల్ల జీపును కమాను నీడలో ఒక పక్కగా పెట్టాడు. తలుపులు తెరిచి ఉన్నాయి. వెనక సీట్లు పీకించి ఆ చోటంతా స్పీకర్లతో నింపించుకున్న బండి అది. అందులో మోగుతున్న పాట ఆపి, జీపుతో కలిపిన ఫోన్ విడదీసి జేబులో వేసుకుని, దారికి అడ్డంగా వచ్చాడు. అరుగు మీద హవల్దారు టోపీతో విసురుకుంటూ కూర్చున్నాడు.

"బంద్ చెయ్" అన్నాడు శంభురాజ్.

"ఎందుకు దాదా?"

"పర్మిషన్ లేదు."

"మైకుకు లేదు. ఇది కారు."

"నాకు కథలు చెప్పకు." కిటికీలోంచి చెయ్యి పెట్టి, స్టీరింగు ముందున్న సంఘమిత్ర ఫోన్ లాక్కున్నాడు. దాన్ని అటు నొక్కాడు, ఇటు నొక్కాడు, చివరికి పూర్తిగా ఆపేశాడు. పాట మాత్రం సాగుతూనే ఉంది.

"ఇదేందిరా, ఆగదేంది?"

వెనక నుంచి ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. సంఘమిత్ర ముఖం మామూలుగానే పెట్టి, "పాట దాంట్ల లేదు" అంది. పాట ధ్రుపదాబాయి కొంగు కింద ఉంది.

శంభురాజ్ చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ చెయ్యి లోపలికి పోనిచ్చి కారు తాళం చెవి తిప్పి లాగేశాడు.

పాట తెగిపోయింది. ఇంజను కూడా ఆగింది. కమాను రాళ్ళ సందుల్లో పావురాల చప్పుడు వినబడింది.

"ఊరేగింపు అయిపోయింది. ఎనకకు నడువుండ్రి" అన్నాడు అణ్ణాసాహెబ్. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ రాలేదు.

వెనక ఒకరిద్దరు జెండాలు దించారు. చెప్పుల చప్పుడు వాగు దారి వైపు మళ్ళడం ధ్రుపదాబాయికి వినిపించింది. ఒకప్పుడైతే కారు దిగి ఒక్క కేక అందుకునేది, మళ్ళిన కాళ్ళు మళ్ళినచోటే ఆగిపోయేవి. నోరు తెరిచింది. గాలి వచ్చింది. అంతే. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడుపుతో కాదు, కోపంతో.

కొంగు కింద నుంచి ఫోన్ తీసింది. కారు పేరు తెర మీద లేదు. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు. పేరు కనబడితే దాని మీద వేలు పెట్టాలని మాత్రం తెలుసు. చూస్తుండగానే ఒక పేరు వచ్చింది. మన కారే మళ్ళీ లేచినట్టుందనుకుని వేలు పెట్టింది. పాట నొక్కింది.

గవని దద్దరిల్లింది.

పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ధ్రుపదాబాయి ఉలిక్కిపడి కారులో వెతికింది. చప్పుడు కారులోంచి కాదు. శంభురాజ్ నల్ల జీపులోంచి, వెనక నిండిన ఆ స్పీకర్లన్నిట్లోంచీ, ఆమె గొంతు ఊరు మీద పడుతోంది:

*"దారికి రాళ్ళు మోసింది మా అమ్మా,*
*దారి నీదెట్లాయె దొరా, ఓ దొరా..."*

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది ఆమెకే. పొరపాటున నొక్కింది. ఇప్పుడు ఆపొచ్చు. ఆపితే తప్పు జరిగిందని చేతులు ఊపి తప్పించుకోవచ్చు కూడా. ఆమె బొటనవేలు ఫోన్ పక్కనున్న మీట మీదికి పోయింది. పైకి నొక్కింది. ఇంకా ఉందా అని మళ్ళీ నొక్కింది. ఇంకా ఉంది.

"అగో, అణ్ణాసాహెబ్ జీపుకు కూడ జయంతి అర్థమైంది!" అని అరిచిందో ముసలమ్మ. ఊరేగింపు మొత్తం ఘొల్లుమంది. వాగు దారి పట్టినవాళ్ళు పరుగున వెనక్కి వచ్చారు. వంతగత్తెలు అలవాటుకొద్దీ రెండో చరణం అందుకున్నారు. అరుగు మీది మగవాళ్ళలో ఒకాయన నవ్వు దాచుకోలేక తలపాగా సర్దుకున్నాడు.

శంభురాజ్ జీపు దగ్గరికి ఉరికి ఏదో తిప్పబోయి ఇంకా పెంచాడు. చివరికి మొత్తం ఆపేసి, రొప్పుతూ వచ్చాడు.

"ఎవరిదిరా ఫోన్? ఎవరు చేసిండ్రు?"

"ఆయీ, ఊకో" అంది సంఘమిత్ర చిన్నగా.

ధ్రుపదాబాయి ఊరుకోలేదు. తలుపు తీసుకుని దిగింది. ఫోన్ ఉన్న చెయ్యి తల పైకెత్తి నిలబడింది. రెండో చేత్తో తన మెడ మీది మచ్చ చూపించింది, తర్వాత జీపు చూపించింది. అది నా గొంతే అంటోందని అందరికీ తెలిసింది.

శంభురాజ్ ఒకడుగు ముందుకు వేశాడు. ఆమె వెనక్కి వెయ్యలేదు. ఆమెకు రెండు పక్కలా తెల్ల చీరలు వచ్చి నిలబడ్డాయి.

"హవల్దార్, కేసు రాయి!" అన్నాడు.

హవల్దారు టోపీ పెట్టుకుని లేచాడు. "ఏమని రాయాలె శంభూ? గంత చప్పుడు నీ బండిల మోగింది. రాస్తే ముందు నీ పేరే రాయాలె."

మళ్ళీ నవ్వులు. అణ్ణాసాహెబ్ కొడుకు వంక చూడకుండానే చెయ్యి చాపాడు. "తాళం, ఫోన్ ఇచ్చెయ్. నలుగురిల నవ్వులపాలు చేస్తివి."

ధ్రుపదాబాయి మళ్ళీ కారెక్కలేదు. సంఘమిత్ర తాళం తిప్పగానే తెర మీద కారు పేరు చూసుకుని నొక్కి, ముందు నడిచింది. వెనక కారు, కారులో ఆమె గొంతు, దాని వెనక భీమ్‌నగర్ మొత్తం. గవని కింద పాట రాళ్ళకు తగిలి రెండింతలై వినబడింది. అక్కడ ఆమె కావాలనే అడుగు నెమ్మది చేసింది.

మర్నాడు పొద్దున లేచేసరికి కారు ముందద్దం పగిలి ఉంది. చేసిందెవరో అందరికీ తెలుసు, చూసినవాళ్ళు మాత్రం లేరు. మధ్యాహ్నానికి వాడలోని పెద్దమనిషి దగ్డూ అణ్ణాసాహెబ్ ఇంటి నుంచి కబురు మోసుకొచ్చాడు.

"వదినా, సంగతి ఇక్కడితో తెంపుదామంటున్నరు. గవని కాడికొచ్చి ఒకసారి చేతులు జోడిస్తే చాలంట. మాట కూడ అక్కరలేదు, నీకెట్లాగూ మాట లేదు కద."

ధ్రుపదాబాయి జొన్న పిండి కలుపుతోంది. అతని ముఖంలోకి చూస్తూ చేతులు కడుక్కుని, తుడుచుకుని, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుంది. అతను వెళ్ళేదాకా అలాగే నిలబడింది.

"జవాబు ముట్టింది కద కాకా?" అంది సంఘమిత్ర. "అద్దం ఖర్చు ఎవరిస్తరో కూడ అడుగు పోయి."

దగ్డూ గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఊళ్ళోని పెద్దిళ్ళ జాకెట్లు దుకాణానికి రావడం మానేశాయి. సంఘమిత్ర పక్క ఊళ్ళ పెళ్ళి బట్టలు ఒప్పుకుంది. కొత్త అద్దం బిగించేదాకా తల్లీకూతుళ్ళు ముఖానికి ఓణీలు చుట్టుకుని, కళ్ళల్లో దుమ్ము కొడుతున్నా ఆ కారులోనే గవని కిందనుంచి తిరిగారు. అద్దం లేకపోయేసరికి పాట ముందు వైపు నుంచి కూడా బయటికి పోతోంది. అరుగుల మీదివాళ్ళకు ఇంతకు ముందుకన్నా బాగా వినబడుతోంది.