గండి దగ్గర కోడలు

గండిలోకి దిగే ముందు చిన్నకోడలికి తెలుసా, తెలియదా? ఈ సందేహం హనుమండ్లును ఏండ్ల తరబడి విడవలేదు.

బోథ్ దగ్గరి పల్లెలో ఆయన భాగవతుల మేళానికి ఆట నేర్పేవాడు. అందులో ఒక పాత ఆట ఉంది. తెగిన చెరువుకట్ట నిలవాలని మామ తన చిన్నకోడలిని గండిలో దీపం పెట్టి రమ్మంటాడు. ఆమె దిగగానే మన్ను పోస్తారు. మామ వేషం హనుమండ్లుది, కోడలి వేషం మొగిలిది.

మొగిలి బొగ్గుబాయి పనికి పోయాక ఆ ఆట ఆగిపోయింది. తర్వాత హనుమండ్లు భార్య యాదవ్వ చనిపోయింది. ఇక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. పొద్దున పూజ కాగానే హనుమండ్లు వసారాలో ఆ ఒక్క ఘట్టం నడుపుకునేవాడు. పీట మామ, చెంబు కోడలు. కోడలిని ఏడిపిస్తే, తెలిసీ ఎందుకు పోయినట్టు? నవ్విస్తే మామ ఉత్త కసాయి అవుతాడు. "తండ్రీ, గామె పోయింది నీకు సమ్మతమేనా?" అని దేవుని పటాన్ని అడిగేవాడు. ఆ తర్వాత పొయ్యి రాజేసుకునేవాడు.

పందొమ్మిది వందల అరవై రెండులో జాతరకు ఆ ఆటే కావాలన్నారు ఊరి పెద్దలు. ఆ ఘట్టం ఎట్లా ఆడాలో మాత్రం తేలలేదు. హనుమండ్లు బస్సెక్కి, మొగిలి పనిచేసే మందమర్రి బొగ్గుబాయికి పోయాడు.

పగటి షిఫ్టు విడిచారు. ఒళ్లంతా బొగ్గుతో మొగిలి వచ్చి, చూసి, నిలబడిపోయాడు.

"మామా!"

తోటివాళ్లు నవ్వారు. "గీయన నీకేం మామ రా?"

"ఆటకోసారి నన్ను మన్నుల పెట్టిన మామ."

క్వార్టరు అరుగు మీద మొగిలి భార్య సరోజన చాయ్ ఇచ్చి లోపలికి పోయింది. కోడలికి తనను పూడుస్తారని ముందే తెలుసా అని హనుమండ్లు అడిగాడు.

"తెల్సు మామా" అన్నాడు మొగిలి.

"మరి ఏడ్వదా?"

"ఏడ్వది. నేను రోజు బాయిల దిగుత. మల్ల పైకి రాకపోవచ్చని నాకు తెల్సు, సరోజనకు తెల్సు. ఎవ్వలం అనం. గడప దాటినంక తిరిగి, మేకను నీడకు కట్టుమంట. గంతే. కోడలిని గూడ గట్లనే తిప్పు. 'మామా, పొయ్యి మీద పాలున్నయి, జర సూడు' అని దిగనియ్యి."

"మామ ఏం జెయ్యాలె?"

"పాల దిక్కు సూస్తడు. ఆమె దిక్కు సూడలేడు."

హనుమండ్లు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఇన్నేండ్లూ తాను జనం దిక్కు చూసి రాగం తీశాడు.

"ఆఖరాట నాడు నువ్వు నా దిక్కు సూడలే" అన్నాడు మొగిలి మెల్లగా.

వాళ్ల మేళంలో ఒక పద్ధతుంది. ఆటలో చచ్చిన వేషగాన్ని చావుకు పంపిన వేషగాడే కూర్చోబెట్టి, ముఖం రంగు కడిగి, సొంత పేరుతో మూడుసార్లు పిలవాలి. అప్పుడే మనిషి ఆటలోంచి ఇంటికి వచ్చినట్టు. మేళం విడిచి బాయికి పోతున్నాడన్న కోపంతో ఆనాడు హనుమండ్లు పిలవలేదు. మొగిలి రంగుతోనే లారీ ఎక్కాడు.

"మరి రంగెవలు కడిగిన్రు?"

"సరోజన. ముఖం కడిగింది గని, మొగన్ని పేరు వెట్టి ఎట్ల పిలుస్తది మామా?"

హనుమండ్లు లేచాడు. గోలెంలోంచి నీళ్లు ముంచి, మొగిలి గదువ పట్టుకొని, బొగ్గు పోయేదాకా ముఖం కడిగాడు. కండువాతో తుడిచాడు.

"మొగిలీ."

"మొగిలీ."

మూడోసారికి ముందు కండువా భుజాన వేసుకున్నాడు. మొగిలి కండ్లు మూసుకొని ఓపిగ్గా కూర్చున్నాడు.

"మొగిలీ, ఇంటికి రారా."

"అచ్చిన మామా."