బయటి గడియ

పాడుబడ్డ నూలు మిల్లు గేటు దగ్గరే ఫిట్టరు గొడవ మొదలుపెట్టాడు.

"ఏముందే అక్కడ చూడ్డానికి? పాములూ పుట్రా తప్ప! నడు ఇంటికి."

"వచ్చే వారం కూల్చేస్తారట కదండీ. మా చిన్నోడు పోయిన చోటు ఒక్కసారి చూసొస్తాను. మీకు ఇష్టం లేకపోతే రావద్దు," అంది ఆయన భార్య.

పద్దెనిమిదేళ్ళ కాపురంలో మొగుడికి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ముసలి వాచ్‌మన్‌ని అడిగి పొదలు కొట్టే కత్తి పుచ్చుకుని లోపలికి నడిచింది. ఆ మహానుభావుడు తిట్టుకుంటూ వెనకాలే వచ్చాడు.

ఒకప్పుడు ఇద్దరూ ఇక్కడే పనిచేశారు. ఆమె కండెలకు దారం చుట్టేది, ఆయన మరలు బాగుచేసేవాడు. ఆమె తమ్ముడు చిన్నోడిది దూది గదిలో పని. పన్నెండేళ్ళ కింద ఒక మధ్యాహ్నం ఆ గది అంటుకుని చిన్నోడు లోపలే మాడిపోయాడు. "లోపల గడియ పెట్టుకుని బీడీ కాలుస్తూ నిద్రపోయాడు, ఎంత బాదినా తలుపు తీయలేదు" అని ఫిట్టరు ఊరంతా చాటాడు. వరండా పైకప్పు కూలి తలుపు దారి మూసుకుపోతే, వెనక గోడ పగలగొట్టి శవాన్ని తీశారు. మిల్లు మూతపడింది. మూడొందల మంది రోడ్డున పడి చిన్నోణ్ణి నోటికొచ్చినట్టు తిట్టారు. ఆమె కూడా తిట్టింది. తోడబుట్టినవాడి కోసం మనసారా ఏడవను కూడా లేదు పిచ్చిది!

ఇప్పుడు మరల మధ్య తుమ్మ మొలిచింది. కండెల పెట్టెల్లో పిచ్చుకలు కాపురాలు పెట్టాయి. వరండా మీద కూలిన రేకులు తుప్పుపట్టి పొడైపోతున్నాయి. తీగలు నరుక్కుంటూ, రేకులు తొక్కుకుంటూ ఆమె దూది గది తలుపు దాకా వెళ్ళింది.

గోడ పగుల్లోంచి దిగిన జువ్వి వేరు మణికట్టంత లావున ఇనప తలుపుకు అడ్డంగా పాకి, గడియను చుట్టుకుని బిగిసిపోయింది. గడియ వేసి ఉంది. బయటి గడియ.

"ఇదేంటండీ?"

"గాలికి పడుంటుంది."

"ఇంత ఇనప కడ్డీ గాలికి జరుగుతుందా?"

"అయితే తరవాత ఎవరో పెట్టుంటారు. నాకేం తెలుసు?"

"పైకప్పంతా దీని మీదే కూలిందని చెప్పింది మీరే కదా. ఎవరొస్తారు?"

ఫిట్టరు ఆమె జుట్టు దొరకబుచ్చుకుని తలను గోడకేసి కొట్టాడు. అలవాటైన చెయ్యి, గురి తప్పలేదు.

"అవునే, నేనే పెట్టాను! 'మా అక్క మీద ఇంకోసారి చెయ్యేస్తే నరికేస్తా బావా' అన్నాడు, నలుగురి ముందూ! అరగంట లోపల పడుంటే పొగరు దిగుతుందనుకున్నా. నిప్పు నేను పెట్టానా?"

"మరి అంటుకున్నాక తీయలేదేం?"

"భయమేసింది. పారిపోయా."

ఆమె కంట్లోకి రక్తం కారుతోంది. తన ఒంటి మీద దెబ్బల గురించి అడిగినందుకు పోయాడా చిన్నోడు!

"ఒరేయ్!" అంది. పద్దెనిమిదేళ్ళ 'అండీ' ఆ ఒక్క అరుపుతో ఊడిపోయింది. కత్తి ఎత్తి వాడి భుజం మీద వేసింది. ఎముక పటుక్కుమంది. వాడు రెండో చేత్తో ఆమె పీక పట్టుకున్నాడు. ఆమె ఆ చెయ్యి కండ ఊడేలా కొరికింది. ఇద్దరూ రేకుల మీద పడి దొర్లారు. ముందు లేచింది ఆమే. వాడి మోకాలి మీద ఇంకో వేటు వేసింది.

"చంపకే! నీ కాళ్ళు పట్టుకుంటా!"

మూడో వేటు మెడకే ఎత్తింది. వాడు చేతులడ్డం పెట్టి ఏడుస్తుంటే ఆమెకు చిన్నోడే గుర్తొచ్చాడు. మంటల్లో తలుపు బాదుతూ ఏమని అరిచుంటాడు? బావ బయటే ఉన్నాడని తెలుసుగా. "తియ్యి బావా" అనే అరిచుంటాడు.

కత్తి పొదల్లోకి విసిరేసింది. తలుపుకు తల ఆనించి, "నిన్నే తిట్టాన్రా నాయనా, నిన్నే తిట్టాను," అని గుండెలు బాదుకుని ఏడ్చింది.

ఆమె గేటు దగ్గరికి రాగానే వాచ్‌మన్ అదిరిపడ్డాడు.

"అయ్యో, ఏంటమ్మా ఆ రక్తం?"

"పోలీసులకి ఫోన్ చెయ్యి తాతా. లోపల ఒకడు పడున్నాడు. నేనే నరికాను."

"ఎవరినమ్మా? నీతో వచ్చినాయన మీ ఆయన కదూ?"

"కాదు," అంది ఆమె. "మా తమ్ముణ్ణి చంపినవాడు."