ఏడు మెట్ల తెలుపు

బస్సు డిపోలో పనిచేసే అమ్మాయి కవరు తెచ్చి గాజు కౌంటరు మీద పెట్టిన తీరులోనే సంగతి తెలిసిపోయింది. ఫోటో మళ్ళీ తిరిగొచ్చింది. లోపల అదే చీటీ, దాని మీద అదే ముద్ర: "ముఖం సరిపోలలేదు."

"రెండోసారి అక్కా," అంది. "మూడోసారి కూడా ఇలాగే అయితే ఫైలు మూసేస్తారట. మా దేశం వెళ్ళి అక్కణ్ణుంచి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమన్నారు. శుక్రవారం దాకే టైము."

ఆ రోజు మంగళవారం.

ఆ వీధిలో అందరూ ఆమెను స్టూడియో అక్క అనే పిలుస్తారు. పెళ్ళి ఆల్బమ్ నుంచి పాస్‌పోర్టు సైజు దాకా ఇరవై ఏళ్ళుగా ఫోటోలు తీయడమే ఆమె పని. ఆమెకో జబ్బుంది. ఏదైనా ఎందుకు జరిగిందో తెలియకపోతే తిన్నది అరగదు. పక్కింట్లో నీళ్ళ మోటారు రెండుసార్లు ఆగి మళ్ళీ మొదలైతే గోడకి చెవి ఆనించి నిలబడే రకం. అలాంటి మనిషి తీసిన ఫోటో రెండుసార్లు తిరిగొస్తే ఊరుకుంటుందా? స్కేలు తీసి కొలిచింది. తల పైన వేలెడు ఖాళీ ఉంది. చెవులు రెండూ కనిపిస్తున్నాయి. వెనక తెల్లగోడ. నవ్వు లేదు. రూలు పుస్తకంలో ఉన్నవన్నీ ఉన్నాయి, ఒక్క వంక లేదు.

పని కోసం బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళు ఏటా పర్మిట్ కార్డు మార్చుకోవాలి. అందుకు కావలసిన ఫోటో, సర్కారు గుర్తింపున్న స్టూడియోలోనే తీయించుకోవాలి. ఇన్నాళ్ళూ కౌంటర్లో గుమాస్తా తలెత్తకుండా ముద్ర గుద్ది ఇచ్చేవాడు. ఈ ఏడాది మెషిన్ పెట్టారు. మనిషిని దాని ముందు కూర్చోబెడితే అది ముఖం చూసి, ఫోటో చూసి, ఇద్దరూ ఒకరేనో కాదో చెబుతుంది. కెమెరా అక్కడే ఉండగా బయటి ఫోటో ఎందుకని అడక్కండి. ఆఫీసుల్లో అలాంటివి అడిగితే ఇంకో ఫారం చేతిలో పెడతారు.

కౌంటరు పక్క కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళకి దువ్వెన అందించే పెద్దాయన స్టూడియో అక్క తండ్రి. స్టూడియో పెట్టింది ఆయనే. ఆయన తేల్చి చెప్పేశాడు: "మెషిన్ తప్పేం లేదమ్మా. వీళ్ళంతా ఒకేలా ఉంటారు. దానికి మాత్రం ఎలా తెలుస్తుంది?"

స్టూడియో అక్కకి ప్రాణం చివుక్కుమంది. డిపో అమ్మాయి మాత్రం నవ్వేసింది.

"మాకూ మీరంతా ఒకేలా ఉంటారు పెద్దాయనా. డ్రైవర్లని నేను నడకని బట్టి గుర్తుపడతాను. కుర్చీలో కూర్చున్నారంటే ఎవరు ఎవరో చెప్పలేను."

ఆమె ఈ భాష నేర్చుకున్నది ఆ డ్రైవర్ల దగ్గరే. అందుకని మర్యాద మాటలకంటే తిట్లే స్పష్టంగా పలుకుతుంది. బస్సులు కడిగే కాంట్రాక్టరు దగ్గర ఆరేళ్ళుగా పని చేస్తోంది. ఏడేళ్ళ కూతురు ఇక్కడి బళ్ళోనే రెండో తరగతి. శుక్రవారం కార్డు చేతికి రాకపోతే శనివారం డిపో గేటు లోపలికి రానివ్వరు. ఆ పనికి ఇంకొకరు దొరకడానికి పూట కూడా పట్టదు.

"రేపు పొద్దున డిపోకి వస్తాను," అంది స్టూడియో అక్క. "ఫోటో నా దగ్గరే ఉంచు. నీ ముఖం ఒకసారి ఎండలో చూడాలి."

"నా ముఖంలో ఏముందక్కా చూడ్డానికి?"

"అదే కదా తెలియంది!"

బుధవారం పొద్దున్నే వెళ్ళింది. డిపో వెనక సిమెంటు గచ్చు మీద ఆరు బస్సులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకున్న ఆడవాళ్ళు నలుగురు, బారెడు పొడవు కర్రలకి కట్టిన బ్రష్షులతో పక్కలు రుద్దుతున్నారు. చక్రాల సందుల్లోంచి నల్లటి నీళ్ళు కాలువ కట్టి పోతున్నాయి. డిపో అమ్మాయి చిన్న నిచ్చెనెక్కి ముందు అద్దం మీద ఎండిపోయిన పురుగుల్ని గోరుతో గీకుతోంది. బ్రష్షుకి అవి రావట. అది కూడా ఎందుకని అడిగి తెలుసుకున్నాకే స్టూడియో అక్క ఫోటో బయటికి తీసి ఆమె చెంప పక్కన పెట్టి చూసింది.

అప్పుడే టీ గ్లాసు పట్టుకుని ఒక డ్రైవరు వచ్చాడు. ఫోటోలోకి తొంగి చూశాడు.

"ఎవరక్కా ఈవిడ? మన డిపోలో ఎవరికైనా చుట్టమా?"

"ఎవరేంటి? ఈ అమ్మాయే!"

డ్రైవరు ఒకసారి ఫోటో చూసి, ఒకసారి మనిషిని చూసి పెద్దగా నవ్వాడు. "ఊరుకో అక్కా. ఆరేళ్ళుగా నా బస్సు కడుగుతోంది, నాకు తెలీదా? ఆవిడెక్కడ, ఈవిడెక్కడ!"

స్టూడియో అక్క నవ్వలేదు. డిపో అమ్మాయి వైపు తిరిగి మెల్లగా అడిగింది: "ఇది నీలా లేదని నీకు తెలుసా?"

"తెలుసక్కా."

"మరి చెప్పలేదేం?"

అవతల మేస్త్రీ ఈల వేశాడు. ఏడున్నర బండి కదలాలి, అద్దం ఇంకా సగమే అయింది. డిపో అమ్మాయి మళ్ళీ నిచ్చెనెక్కేసింది.

స్టూడియో అక్క షాపుకొచ్చి తాళం తీయడమే ఆలస్యం, కంప్యూటర్ ముందు కూర్చుంది. తీసిన ఫోటో ఒకటి, టచప్ చేసిన ఫోటో ఒకటి, ప్రతిదానికీ రెండూ దాచిపెట్టే ఉంటాయి. పక్కపక్కన తెరిచింది.

వాళ్ళ స్టూడియోలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు ఫోటో తీయించుకున్నా ముఖం రెండు మెట్లు తెల్లగా చేసి ఇస్తారు. డార్క్‌రూమ్ రోజుల్లో తండ్రి నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో చేసేవాడు. ఇప్పుడు కూతురు కంప్యూటర్లో గీత మీద చుక్కని జరుపుతుంది. దానికి డబ్బు తీసుకోరు, చెప్పనూ చెప్పరు. కూరలో ఉప్పు వేసినట్టు చెయ్యి దానంతటది వెళ్ళిపోతుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. వీళ్ళు అడక్కుండానే పెట్టేవాళ్ళు.

డిపో అమ్మాయి మొదటి ఫోటోకి నాలుగు మెట్లు. "రెండు ఏ మూలకి?" అనుకుని స్టూడియో అక్క ఏటా నాలుగే వేసేది. అది తిరిగొచ్చినప్పుడు తండ్రి అన్నాడు: "మెషిన్‌కి చీకటి ఆనదేమో, ఇంకాస్త పెంచి చూడమ్మా." పాపం, ఆమెకి మేలు చేద్దామనే రెండోదానికి ఏడు మెట్లు పెంచింది. ముక్కు పక్క నీడ పోయింది. బుగ్గల పల్లం పోయింది. కనుబొమ్మ మీది గాటు కూడా పోయింది. తీరా చూస్తే అచ్చం సబ్బు పెట్టె మీద బొమ్మ మిగిలింది.

"నాన్నా, ఇటు రండి," అని పిలిచింది. "ఆ పిల్ల కార్డు పోగొడుతున్నది మెషిన్ కాదు, మనం."

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. ఒప్పుకోవడం ఆయన ఒంట్లో లేదు. "ఇన్నేళ్ళలో, నన్నెందుకు తెల్లగా చేశావని ఒక్కడైనా తిట్టాడా? ఫోటోలో కాస్త వెలుగుంటే మనిషికి ధైర్యంగా ఉంటుందే," అన్నాడు.

"తిట్టలేదు. ఎందుకు తిట్టలేదో మనమెప్పుడైనా అడిగామా?"

ఆయన దువ్వెనలోంచి వెంట్రుకలు తీస్తూ కూర్చున్నాడు.

టచప్ మానేస్తే సరిపోతుందనుకుంది స్టూడియో అక్క. సరిపోలేదు. టచప్ లేని ఫోటోలో నల్లటి మరకా, అందులో రెండు కళ్ళూ తప్ప ఏదీ సరిగ్గా ఆనడం లేదు. దీపాలు రెండూ తండ్రి ముప్పై ఏళ్ళ కిందట గోడకి బిగించినవి. స్టూలు ఎక్కడ వేయాలో నేల మీద పెయింటుతో గుర్తు కూడా పెట్టాడు. అవన్నీ ఎలాంటి ముఖాల కోసం కుదిర్చినవో అప్పుడు తెలిసొచ్చింది. ఉన్నపళాన స్క్రూడ్రైవరు తెచ్చి దీపాలు ఊడదీసింది.

గురువారం పని దిగాక డిపో అమ్మాయి వచ్చింది. స్టూడియో అక్క స్టూలు జరిపింది, దీపాలు కిందికి దించింది, ఒక పక్క తెల్లటి థర్మోకోల్ అట్ట నిలబెట్టింది. ఒకటి తీసి చూసి, దీపం జానెడు జరిపి, మళ్ళీ తీసింది. ఇరవై ఏళ్ళ అనుభవం ఎందుకూ పనికిరాక కొత్తగా నేర్చుకునేదానిలా చెమటలు కక్కింది. పదకొండోసారి ముఖం వచ్చింది. ఇన్నాళ్ళూ నలుపు అని ఒక్క మాటతో తేల్చేసిన చోట ఎన్ని రంగులో! నుదుటి మీద ఒకటి, చెంప పల్లంలో ఇంకొకటి, పెదవి అంచున మరొకటి. కనుబొమ్మ మీది గాటు కూడా చక్కగా కనిపిస్తోంది. స్టూడియో అక్కకి ముందు సంబరం కలిగింది, వెంటనే సిగ్గేసింది. మనుషుల్ని చూడటమే తన పని అని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చింది.

"నిన్న అడిగినదానికి చెప్పలేదు నువ్వు," అంది ప్రింటు కత్తిరిస్తూ. "తెలిసీ ఎందుకూరుకున్నావ్?"

"మీ స్టూడియో కదక్కా," అంది డిపో అమ్మాయి, అంతకన్నా చెప్పకుండా.

శుక్రవారం ఇద్దరూ కలిసే వెళ్ళారు. బయల్దేరేటప్పుడు పెద్దాయన గుమ్మం దాకా వచ్చాడు. "ఎవరైనా అడిగితే కెమెరా పాతదని చెప్పమ్మా. గుర్తింపు పోతే సగం గిరాకీ పోయినట్టే," అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. షాపుకొచ్చే ఇద్దరిలో ఒకరు పర్మిట్ ఫోటోకే వస్తారు.

మెషిన్ ముందు డిపో అమ్మాయి కూర్చుంది. ఆఫీసరు కొత్త ఫోటో దాని కింద పెట్టాడు. రెండు క్షణాలు గడిచాక ఆకుపచ్చ దీపం వెలిగింది. స్టూడియో అక్క ఊపిరి పీల్చుకుంది గాని అది తొందరపాటే. ఆఫీసరు తలెత్తి, ఫైల్లో ఉంచుకున్న పాత ఫోటోల కాపీలు రెండూ తీసి కొత్తదాని పక్కన వరసగా పేర్చాడు.

"ఇది నువ్వే. మరి ఈ రెండింట్లో ఉన్నావిడ ఎవరమ్మా? ఒక కార్డు మీద ఇద్దరు పని చేస్తున్నారా?"

డిపో అమ్మాయి చేతులు ఒళ్ళో ముడుచుకుంది. స్టూడియో అక్క ముందుకొచ్చింది.

"రెండూ ఈ అమ్మాయే సార్. ఫోటో మార్చింది నేను. తెల్లగా చేశాను."

"ఆవిడ చెయ్యమందా?"

"లేదు సార్."

"మరి?"

"అందరికీ చేస్తాం సార్. మా నాన్నగారప్పటి నుంచీ అలవాటు."

"అందరికీ ఇంతేనా?"

ముఖం చూసి బొట్టు పెట్టడమంటే ఏమిటో స్టూడియో అక్కకి చిన్నప్పటి నుంచీ తెలుసు, అది తానే చేస్తున్నానని మాత్రం తెలీదు.

"మనవాళ్ళకి రెండు మెట్లు సార్," అంది. "వీళ్ళకి ఎక్కువ."

ఆఫీసరు చెడ్డవాడు కాడు. విసుగున్నవాడు. పద్ధతి విడమరిచి చెప్పాడు. మార్చింది తానేనని స్టూడియో రాసిస్తే కార్డు ఇప్పుడే ఇస్తారు, కాని స్టూడియో గుర్తింపు ఏడాది పాటు రద్దు. కెమెరా లోపమంటే విచారణ జరుగుతుంది, స్టూడియోకి ఏమీ కాదు, విచారణ తేలే రెండు నెలలూ ఈవిడ పనిలోకి వెళ్ళకూడదు. "ఆలోచించుకుని రాయండి," అని తెల్లకాగితం జరిపాడు.

స్టూడియో అక్క పెన్ను తీసింది. తీసింది గాని కాగితం మీద పెట్టలేదు. ఏడాది అంటే మాటలా? తండ్రి మందులు, షాపు అద్దె కళ్ళముందు తిరిగాయి. ఈ అమ్మాయి తనకేమవుతుంది అని కూడా ఒక్క క్షణం అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

ఈలోగా ఆఫీసరు ఫారంలో మిగిలిన గడి నింపడానికి డిపో అమ్మాయిని అడిగాడు: "ఫోటో నీలా లేదని తెలుసు కదా. తెలిసీ రెండుసార్లు ఎందుకు ఇచ్చావ్?"

"అది మీ రూలనుకున్నాను సార్."

"ఏది రూలు?"

"ఇక్కడ ఉండాలంటే కార్డు మీద అలా ఉండాలేమో అని. మొదటి ఏడాది కార్డు వచ్చినప్పుడే చూశాను. ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు. నేను కడిగే బస్సుల మీద బొమ్మల్లో అందరూ అలాగే ఉంటారు. ఇల్లు అద్దెకి అడిగినప్పుడు ఫోన్లో ఖాళీ ఉందంటారు, నేను వెళ్ళి నిలబడితే లేదంటారు. అన్నీ చూసి, ఇక్కడి పద్ధతి ఇదేననుకున్నాను. నిన్న అక్క నా రంగులోనే ఫోటో తీస్తే భయమేసింది, రూలు తప్పుతున్నామేమోనని."

ఆఫీసరు పెన్ను ఆగింది. "అలాంటి రూలేదీ లేదమ్మా," అన్నాడు.

"లేదా సార్?"

డిపో అమ్మాయి ఆయన్నీ, స్టూడియో అక్కనీ మార్చి మార్చి చూసింది. ఎత్తిపొడుపు లేదు, ఏడుపు లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది:

"మరి అందరూ ఎందుకు పాటిస్తున్నారు?"

ఆఫీసరు ఫారం వైపు చూశాడు. స్టూడియో అక్క కాగితం దగ్గరికి లాక్కుని, 'ఈమె అడగలేదు, నేనే మార్చాను' అని రాసి, కింద సంతకం పెట్టింది.